మూడుంపావు ఆట

డాక్టరుగారు కోటు జేబులోంచి ఒక పిప్పరమెంటు కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. తనకు పదకొండేళ్ళుగా చక్కెర జబ్బు ఉందనీ, ఇంట్లో పిల్లలు కూడా తన ఎదురుగా తీపి తినరనీ, ఉతికి, ఇస్త్రీ చేసి, కవరు తొడిగి పంపిన కోటులో ఈ కాగితం ఎలా మొలిచిందో కాస్త చెప్పమనీ అడిగాడు. గొంతు పెంచలేదు. అదే పెద్దకోడలికి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రెండు వారాల్లో అది మూడో ఫిర్యాదు. మొదట బ్యాంకు మేనేజరు తన బూడిదరంగు సూటు తెచ్చి, కుడి చేతి అంచున నీలం పొడి చూపించాడు. తర్వాత బీమా ఏజెంటు తన ప్యాంటు తిరగేసి మోకాళ్ళ వెనక ముడతలు చూపించి, దీన్నెవరో వేసుకుని కూర్చుని లేచారనీ, ఆ లేచింది మాత్రం తను కాదనీ అన్నాడు. ఆ రెండుసార్లూ పెద్దకోడలు తప్పయిందని చెప్పి, మళ్ళీ శుభ్రం చేయించి పంపింది. మూడోసారికి ఆమె ఓపిక అయిపోయింది.

ఆ డ్రైక్లీనింగు షాపు ఆమె మామగారిది. యాభై ఏళ్ళ కిందట ఒక బల్ల, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టుకుని మొదలుపెట్టి, కింద షాపూ పైన ఇల్లూ ఉన్న ఈ భవనం దాకా తెచ్చాడు. కొడుకులిద్దరికీ ఆ ఆవిరి వాసన పడలేదు. పెద్దవాడు బస్సు నడుపుతాడు, చిన్నవాడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. షాపు కోడళ్ళ చేతికొచ్చింది. పెద్దకోడలు ముందు కౌంటరు చూసుకుంటుంది. ఆమె గొంతు వింటే బట్టలు వాటంతటవే మడతపడతాయని వీధిలో అంటారు. చిన్నకోడలు వెనకగదిలో యంత్రాలూ మరకలూ చూసుకుంటుంది. మరకను ఓసారి వాసన చూసి అది ఏ పూట పడిందో కూడా చెప్పగలదని ఆమెకు పేరు. వీళ్ళు కాక, పన్నెండేళ్ళుగా ఒకే బల్ల ముందు నిలబడుతున్న ఇస్త్రీ మేస్త్రి ఒకడు.

పెద్దాయనకు డెబ్బై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట తడి నేల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతుక్కుంది గానీ పెద్దకోడలు ఆయన్ని మళ్ళీ ఇస్త్రీబల్ల దగ్గరికి రానివ్వలేదు. మీరింక హాయిగా కూర్చోండి మామయ్యగారూ అని షాపు మూల ఒక చేతుల కుర్చీ వేయించింది. మంచం మీద ఉన్న రోజుల్లో కాలక్షేపానికి కొడుకులు ఒక వీడియో ప్లేయరు కొనిచ్చారు. పుస్తకంలా తెరుచుకుంటుంది, ఒళ్ళో పెట్టుకుని చూడొచ్చు. ఆయన దాంట్లో కుస్తీ పోటీలు చూస్తాడు. దానికి పాత కోటు లోపలి పట్టుగుడ్డతో స్వయంగా ఒక సంచి కుట్టుకున్నాడు. ఇంట్లో మరొకరు దాన్ని ముట్టుకోవడానికి లేదు.

పిప్పరమెంటు కాగితం దొరికిన మర్నాడు పెద్దకోడలు కెమెరా మెకానిక్కును పిలిపించింది. కౌంటరు పైన ఒకటి, బట్టలు వేలాడదీసే పెద్దగదిలో ఒకటి కెమెరాలు పెట్టించి అప్పటికి ఏడాదయింది. వాటిని చూసే చిన్న టీవీ ఆర్నెల్ల కిందట ఆగిపోయింది. బాగుచేయించాలని అందరూ అనుకుంటూనే మరిచిపోయారు. టీవీతో పాటు కెమెరాలు కూడా పోయినట్టే ఇంట్లోవాళ్ళ లెక్క.

మెకానిక్కు నిచ్చెన ఎక్కి, బీరువా మీది రికార్డింగు పెట్టె దుమ్ము ఊదాడు. తన సంచిలోని చిన్న తెర తగిలించి చూసి నవ్వాడు.

"టీవీ పోతే కెమెరాకేమండీ? అది చూస్తూనే ఉంది, రికార్డు చేస్తూనే ఉంది. పదిహేను రోజులది మొత్తం భద్రంగా ఉంది."

మూల కుర్చీలో మంచినీళ్ళు తాగుతున్న పెద్దాయనకు పొలమారింది. చిన్నకోడలు వెళ్ళి నెత్తి మీద తట్టింది.

మెకానిక్కు ఆ పదిహేను రోజుల రికార్డింగూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. కొత్త టీవీ రావడానికి వారం పడుతుందన్నాడు. అయితే ఇదెక్కడ చూడాలన్నది ప్రశ్న. షాపులో కంప్యూటరు లేదు. ఫోనుకు పెన్‌డ్రైవ్ తగిలించే దారి ఎవరికీ తెలియదు. మేడమీది టీవీ పాతకాలపు లావుపాటి డబ్బా. మెకానిక్కు చుట్టూ చూసి, పెద్దాయన ఒళ్ళో ఉన్నదాన్ని చూపించి, అదొక్కటి చాలు, పక్కన పెన్‌డ్రైవ్ పెట్టే చోటు కూడా ఉంది అన్నాడు.

పెద్దాయన పట్టుసంచిని కడుపుకు హత్తుకున్నాడు. సరే ఇస్తాను గానీ మీటలు నేనే నొక్కుతాను అన్నాడు. అవి చాలా సున్నితమట, కొత్త చెయ్యి పడితే చెడిపోతాయట.

భోజనాలయ్యాక ఇస్త్రీబల్ల మీద ప్లేయరు తెరిచి ముగ్గురూ తలలు దగ్గర పెట్టి కూర్చున్నారు. జానెడు తెర. మధ్యలో పెద్దాయన, చెరోపక్క కోడళ్ళు. మొదటిరోజు రికార్డింగు పొద్దున్న తొమ్మిది నుంచి మొదలైంది. కౌంటరు దగ్గర పెద్దకోడలు కనిపించింది. అటూ ఇటూ చూసి, కింది సొరుగు తెరిచి, బిస్కెట్టు తీసి నోట్లో వేసుకుంది. మళ్ళీ ఇంకొకటి. ఒళ్ళు తగ్గాలని రెండు నెలలుగా తీపి మానేశానని ఆమె వీధి వీధంతా చెప్పి ఉంది.

పెద్దాయన మీట మీద వేలు పెట్టి, చాలా మర్యాదగా, "ఇది కూడా నిదానంగా చూద్దామా అమ్మాయ్?" అన్నాడు.

పెద్దకోడలు అక్కర్లేదు, ముందుకు పోనివ్వండి అంది. ఆయన పోనిచ్చాడు. నాలుగో బిస్కెట్టు దగ్గర ఎనిమిదింతల వేగానికి ఎక్కిన బొమ్మ మళ్ళీ సాయంత్రం అయిదున్నర దాకా దిగలేదు. మధ్యాహ్నం మూడింటికి షాపు మూస్తారు, అయిదింటికి తెరుస్తారు. మూసిన షాపులో చూడటానికేముంటుంది, ఊరికే కళ్ళనొప్పి అన్నాడాయన. రెండోరోజు సరిగ్గా మూడుంపావుకు ఛార్జింగు అయిపోయింది. మూడోరోజు మూడుంపావుకు ఆయనకు తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకు పెన్‌డ్రైవ్ ఊడి బల్ల కింద పడింది. నాలుగోరోజు మళ్ళీ బిస్కెట్లు వచ్చాయి.

చిన్నకోడలు ఇదంతా చూస్తోంది. తెరను కాదు, ఆయన బొటనవేలిని. గోడగడియారం లేకుండానే ఆ వేలికి టైము తెలుస్తోందని ఆమెకు నాలుగోరోజుకల్లా అర్థమైంది.

పెద్దకోడలికి మరొకటి అర్థమైంది. ముందు తలుపు మూసి ఉన్నప్పుడు బయటివాళ్ళెవరూ లోపలికి రాలేరు. వెనక తలుపు తాళంచెవి ఇంట్లోవాళ్ళ దగ్గర ఉన్నది కాక ఇంకొకటి మేస్త్రి దగ్గర మాత్రమే ఉంది. ఆమె మేస్త్రిని పిలిచి, ఎంత మెల్లగా అడగొచ్చో అంత మెల్లగా అడిగింది. జేబులు మాత్రం ఒకసారి చూపించమంది.

మేస్త్రి జేబులు చూపించలేదు. పని కోసం నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీపెట్టె తీగ చుట్టి పక్కన పెట్టాడు. దాని పక్కన తాళంచెవి పెట్టాడు.

"పన్నెండేళ్ళలో ఒక్క బొత్తాం పోతే నేను కొని కుట్టానమ్మా," అన్నాడు. అంతే. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వాడు అలాంటివాడు కాదమ్మా అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. మీకెలా తెలుసని పెద్దకోడలు అడిగింది. మొహం చూస్తే తెలుస్తుందిగా అన్నాడాయన. ఆ సాయంత్రం పేరుకుపోయిన చొక్కాలన్నీ, ఎవరెన్ని చెప్పినా వినకుండా, తనే నిలబడి ఇస్త్రీ చేశాడు. అన్నం సగంలో లేచాడు.

మర్నాడు చిన్నకోడలు ఆయన దగ్గరికొచ్చి, మరకల గురించి ఒక పాఠం పెన్‌డ్రైవ్‌లో దొరికిందనీ, ప్లేయరు ఒక్క గంట ఇస్తే చూసుకుంటాననీ అడిగింది. షాపు పని కోసం అడుగుతుంటే కాదనడానికి ఆయనకు దారి దొరకలేదు. పాఠం ఉన్న పెన్‌డ్రైవ్ బదులు రికార్డింగు ఉన్నది కూడా అందులో పెట్టొచ్చన్న సంగతి ఆయనకు తట్టలేదు. పట్టుసంచి విప్పి ఇస్తూ, మీటలు జాగ్రత్త అని మూడుసార్లు చెప్పాడు.

ఆమె వెనకగదిలో వేలాడుతున్న దుప్పట్ల వెనక చేరి, మొదటిరోజు మూడుంపావు పెట్టుకుంది.

షాపు ఖాళీగా ఉంది. మేడమెట్ల తలుపు తెరుచుకుంది. బనియనూ పైజామా వేసుకున్న పెద్దాయన పిల్లిలా దిగాడు. కవర్లు తొడిగిన సూట్ల వరస ముందు చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా అటు నుంచి ఇటు నడిచాడు. బ్యాంకు మేనేజరు సూటు దగ్గర ఆగాడు. కవరు తీశాడు, చీటీ విప్పి పోకుండా కొక్కేనికి తగిలించాడు. వేసుకున్నాడు. అద్దం ముందు నిలబడి మెడ సవరించుకున్నాడు. తర్వాత హ్యాంగర్లు దించే పొడుగాటి కర్ర తీసుకుని, ఇస్త్రీబల్ల మీదికి వంగి, ఎడమచేతి వేళ్ళ మధ్య కర్ర ఆనించి, కుడిచేత్తో ముందుకూ వెనక్కూ లాగాడు. ఒకసారి కాదు, పదిసార్లు. ఆ తర్వాత వెనక తలుపు తీసుకుని దొరబాబులా బయటికి వెళ్ళాడు. అయిదింటికి పావుగంట ముందు తిరిగొచ్చి, సూటు విప్పి, ఆవిరి పట్టి, బ్రష్షు కొట్టి, చీటీ కట్టి, కవరు తొడిగి పైకెళ్ళిపోయాడు.

చిన్నకోడలు దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. మళ్ళీ మొదటినుంచీ చూసింది. రెండోరోజు బీమా ఏజెంటు ప్యాంటు, దానికి కలవని కోటు. తొమ్మిదోరోజు డాక్టరుగారి కోటు, జేబులోకి పిప్పరమెంటు కాగితం. ఆ కర్రతో ఏం చేస్తున్నాడో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. నీలం పొడి సంగతీ తేలలేదు. అది సిరా కాదు, రంగు కాదు, దులిపితే రాలిపోయే సుద్ద లాంటిదని ఆమె అప్పుడే కనిపెట్టింది. అటువంటి నీలం సుద్ద ఎక్కడ వాడతారు?

అక్కకు చెబితే ఈ క్షణంలో తేలిపోతుంది. కానీ ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండా చెప్పడం ఆమెకు సగం మరక వదిలేసినట్టు అనిపించింది. మేస్త్రి సంగతి మనసులో ముల్లులా ఉంది కాబట్టి రెండు రోజుల కన్నా ఆగకూడదని గట్టిగా అనుకుంది.

పెద్దాయన రెండు రోజులుగా బుద్ధిగా ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆయన కుడిచెయ్యి కుర్చీచేతి మీద దానంతటదే ముందుకూ వెనక్కూ కదలడం ఆమె చూసింది. తలనొప్పిగా ఉంది, పైన పడుకుంటాను, అయిదు దాకా లేపొద్దు అని ఆయనకు వినబడేలా చెప్పి, మేడమీదికి వెళ్ళినట్టే వెళ్ళి, వీధి వైపు మెట్ల మీదుగా దిగి మందుల షాపు పక్కన నిలబడింది.

మూడుంపావు దాటగానే వెనక సందులోంచి పెద్దాయన వచ్చాడు. ముదురాకుపచ్చ కోటు. అది సోమవారం హెడ్మాస్టరుగారు బంట్రోతు చేత పంపిన కోటు. విరిగిన కాలు కాస్త నిదానంగా వేస్తున్నా, ఆ నడకలో ఠీవి ఉంది. మూడు వీధులు దాటి, ఎర్ర ఇటుకల క్లబ్బు భవనం ముందు ఆగాడు. గుమ్మం పక్కన 'కోటు లేనివారికి ప్రవేశం లేదు' అని బోర్డు ఉంది. ద్వారపాలకుడు వంగి నమస్కారం పెట్టాడు. పెద్దాయన తల పంకించి లోపలికి వెళ్ళాడు.

చిన్నకోడలు పక్క సందులోకి నడిచింది. అక్కడ సైకిళ్ళు ఆనించే చోట కిటికీ ఉంది. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల, దాని మీద రంగు బంతులు, చుట్టూ నలుగురైదుగురు పెద్దమనుషులు. పెద్దాయన గోడనున్న కర్ర తీసుకుని, దాని కొసకు ఒక నీలం సుద్దముక్క రుద్దాడు. బల్ల మీదికి వంగాడు. కర్ర గీత గీసినట్టు ముందుకు పోయింది. బంతి బంతిని కొట్టింది, రెండోది వెళ్ళి మూల సంచిలో పడింది. యాభై ఏళ్ళు చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టెను వంకర లేకుండా తోసిన చెయ్యి అది. మరోటి పడింది. ఇంకోటి.

ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డ సన్నటి మనిషి హెడ్మాస్టరుగారే. వరసగా అయిదో ఆట ఓడిపోతున్న మనిషి మొహంలా ఉంది ఆయన మొహం. బంతుల మీంచి కళ్ళు తీసి ఎదుటాయన కోటు మీద పెట్టి, మాట మారుద్దామని కాబోలు, "మీ కోటు చాలా బాగుందండీ. నాకూ అచ్చం ఇలాంటిదే ఒకటుంది. లాండ్రీలో ఇచ్చాను," అన్నాడు.

"మంచి లాండ్రీ అయ్యుంటుంది," అన్నాడు పెద్దాయన, బంతి మీంచి చూపు తిప్పకుండా.

చిన్నకోడలు సైకిలు సీటు పట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు పెద్దకోడలు ఇంకొక్కసారి మొత్తం చూద్దామంది. మేస్త్రి వెళ్ళినప్పటినుంచీ ఆమెకూ నిద్ర సరిగా లేదు. తను తొందరపడిందేమోనని ఒకపక్క, పడలేదేమోనని మరోపక్క. చిన్నకోడలు మామయ్యగారి కళ్ళు అలిసిపోయాయి, ఇవాళ నేను నొక్కుతాను అంటూ ప్లేయరు తన ముందుకు లాక్కుంది. పెద్దాయన చెయ్యి చాపాడు గానీ అందలేదు.

రెండున్నర. రెండూ ముప్పావు. తెర మీద పెద్దకోడలు షట్టరు దించి పైకెళ్ళింది. మూడు. ఖాళీ గది. పెద్దాయన నుదుటి మీద చెమట పట్టింది. మూడూ పది. మూడూ పదమూడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఏముందక్కా ఇక్కడ, మూసిన షాపు," అంటూ చిన్నకోడలు వేగం మీట నొక్కింది.

పెద్దాయన కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆమె తెర వైపే చూస్తోంది. పెదవి కొసన మాత్రం నవ్వు ఆపుకుంటోంది. ఎనిమిదింతల వేగంలో తెర మీద ఏదో నీడ సర్రున అటూ ఇటూ పోయింది, పెద్దకోడలు అప్పుడే ఎవరో ఫోను చేస్తే తీస్తోంది.

ఆ పూట వెనకగదిలో కుళాయి దగ్గర ఆయన ఆమెను పట్టుకున్నాడు.

"ఎప్పుడు చూశావు?"

"మొన్న."

"మొత్తమా?"

"రెండుసార్లు చూశాను మామయ్యగారూ. నిన్న కిటికీలోంచి ఆట కూడా చూశాను."

"మరి అక్కకు చెప్పలేదే?"

"చెప్పాల్సింది నేను కాదు కదా," అంది ఆమె. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, "మేస్త్రి నాలుగు రోజులుగా ఇంట్లో కూర్చున్నాడు," అని మాత్రం కలిపింది.

అప్పుడు ఆయన మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఒకాయన తన కోటు అర్జంటుగా క్లబ్బుకు పంపమంటే తనే తీసుకెళ్ళాడట. కోటు లేదని ద్వారపాలకుడు లోపలికి పోనివ్వలేదట. చేతిలో ఉన్నది కోటే కదా అని దాన్నే తొడుక్కుని లోపలికి నడిచాడట. కోటు తాలూకు మనిషి అప్పటికే వెళ్ళిపోయాడు. బల్ల దగ్గర ఒకరు తక్కువయ్యారని ఎవరో ఈయన చేతిలో కర్ర పెట్టారు. ఏమిటిది అని అడిగితే బయటపడిపోతానని అడగకుండా కొట్టాడు. పడింది. రేపు కూడా రండి అన్నారు. అతిథుల పుస్తకంలో సంతకం పెట్టించారు. ఏం చేస్తుంటారని అడిగితే, బట్టల లైన్లో ఉన్నానని నిజమే చెప్పాడు. రోజుకో సూటు వేసుకొస్తుంటే వాళ్ళేమనుకున్నారో వాళ్ళిష్టం.

"రెండేళ్ళ నుంచి ఈ చేత్తో కుస్తీ బొమ్మలు ముందుకీ వెనక్కీ జరపడం తప్ప ఇంకో పని లేదు చిన్నమ్మాయ్," అన్నాడాయన తన కుడిచెయ్యి చూసుకుంటూ.

ఆమెకు నవ్వు రాలేదప్పుడు. నేను కూడా వస్తానులెండి మేస్త్రి ఇంటికి అంది. వద్దు, నేనొక్కణ్ణే వెళ్ళాలి అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన పట్టుసంచి భుజానికి తగిలించుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. మేస్త్రి గుమ్మంలో కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. లేచి నిలబడ్డాడు గానీ రమ్మని అనలేదు. పెద్దాయన గుమ్మంలోనే కూర్చుని, మోకాళ్ళ మీద ప్లేయరు తెరిచి, మూడుంపావు దగ్గర పెట్టి, అతని చేతికిచ్చాడు.

మేస్త్రి చూశాడు. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. కాసేపటికి భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పెద్దాయనకు తెలియలేదు. అంతలో మేస్త్రి బొమ్మ ఆపి, తెర మీద వేలు పెట్టాడు.

"ఇదేంటి పెద్దాయనా, కోటు విప్పి కుర్చీ మీద పడేశారు? పక్కనే హ్యాంగరు ఉందిగా. నేనిలా చేస్తే మీరు ఊరుకునేవారా?"

పెద్దాయన ఊరుకునేవాణ్ణి కాదని ఒప్పుకున్నాడు. బీమా ఏజెంటు ప్యాంటు ముడతలు సరిగా తీయలేదని కూడా మేస్త్రి తప్పు పట్టాడు. అదీ ఒప్పుకున్నాడు. అప్పుడు క్షమించమని అడిగాడు. మేస్త్రి గొడుగు ఊచ సరిచేసి, ఒక్క షరతు పెట్టాడు. ఇదే బొమ్మ, ఇదే మూడుంపావు ఆట, వేగం మీట ముట్టుకోకుండా పెద్దమ్మగారికి చూపించాలి. తను పక్కనుండాలి.

పది గంటలకు ముగ్గురికీ మధ్యలో ఇస్త్రీబల్ల మీద ప్లేయరు తెరుచుకుంది. పెద్దకోడలు చూసింది. పెద్దాయన దిగడం చూసింది, వరస ముందు నడవడం చూసింది, వేసుకోవడం చూసింది. అద్దం ముందు ఆయన మెడ సవరించుకునే చోటు వచ్చేసరికి వెనక్కి తిప్పమంది. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది. చిన్నకోడలు వెనకగది గుమ్మంలో నిలబడింది.

పెద్దకోడలు ముందు మేస్త్రి వైపు తిరిగింది. నీ జేబులు అడగడం నాది తప్పు, నలుగురిలో అడిగాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నాను అంది. బల్ల మీది గుడ్డ మడత విప్పి తనే అతనికి అందించింది. ఆ తర్వాత మామగారి వైపు తిరిగింది.

"మామయ్యగారూ, ఆ బూడిదరంగు సూటు మీకు భుజాల దగ్గర బిగుతు. అద్దంలో అంతసేపు చూసుకున్నారు, కనబడలేదా?"

పెద్దాయన కనబడిందని తల ఊపాడు.

అంతటితో వదల్లేదు ఆమె. ఎవరెవరి బట్టలు వేసుకున్నాడో వాళ్ళందరి ఇళ్ళకూ ఆయనే స్వయంగా వెళ్ళి, ఆ బొమ్మే చూపించి, జరిగింది చెప్పుకోవాలని తీర్పు చెప్పింది. చెప్పేటప్పుడు కౌంటరు కింది సొరుగులోంచి బిస్కెట్టు తీసుకుని అందరి ఎదుటా తిన్నది.

డాక్టరుగారు ప్లేయరు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. కోటు సంగతి ఎత్తలేదు. ఆ మెట్లు దిగుతున్న కాలు చూసి, చాలా బాగా అతుక్కుంది, కట్టు ఎవరు కట్టారని అడిగాడు. బీమా ఏజెంటు ఈ వయసులో ఇంత చురుగ్గా ఉన్నవారికి తమ దగ్గర ఒక మంచి పథకం ఉందంటూ కాగితాలు తీసి, గంటన్నర దాకా లేవనివ్వలేదు. బ్యాంకు మేనేజరు మాత్రం చివరిదాకా చూసి, ప్లేయరు మూసి చేతికిచ్చి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత ఆయన బట్టలు ఆ షాపుకు రాలేదు. ఆ తలుపు చప్పుడు పెద్దాయనకు చాలా రోజులు చెవిలోనే ఉంది. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా, అది న్యాయమే అనేవాడు.

చివరిది హెడ్మాస్టరుగారి ఇల్లు. ఆయన కోటు వేసుకున్న రోజు పెన్‌డ్రైవ్‌లో లేదు. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. చిన్నకోడలు ఆ సంగతి గుర్తు చేయలేదు, గుర్తు చేయకుండా ఎదురుచూసింది. పెద్దాయన ముదురాకుపచ్చ కోటు కవరు తొడిగి చేతి మీద వేసుకుని, తనంతట తనే బయలుదేరాడు.

హెడ్మాస్టరుగారు తలుపు తీసి, బనియను మీద మామూలు చొక్కా వేసుకున్న ఆ మనిషిని మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నోరు వెళ్ళబెట్టాడు. పెద్దాయన కోటు ఇచ్చి, ఆ రోజు మీరు బాగుందన్నది మీ కోటునే అన్నాడు. తను ఇస్త్రీ పనివాణ్ణనీ, క్లబ్బుకు ఇంక రాననీ, కమిటీలో మీరున్నారు గనక అక్కడివాళ్ళకు మీరే చెప్పమనీ అన్నాడు. నమ్మకం కోసం ప్లేయరు తెరిచి చూపించాడు.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని చూడటం మొదలుపెట్టాడు. సూట్లు మార్చడం వరకూ మొహం గంభీరంగానే ఉంది. హ్యాంగర్ల కర్ర తీసి ఇస్త్రీబల్ల మీద వంగే చోటు రాగానే ముందుకు జరిగాడు.

"ఆపండి. మళ్ళీ వేయండి. ఆ మణికట్టు కదలడం లేదేంటి?"

పెద్దాయన మళ్ళీ వేశాడు. హెడ్మాస్టరుగారు అయిదుసార్లు వేయించుకున్నాడు. నిదానంగా వేయమన్నాడు, ఆపి వేయమన్నాడు, కాగితం తెచ్చుకుని ఏదో రాసుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఆడుతున్న తనకు ఆ చెయ్యి ఎందుకు రావడం లేదో ఇప్పుడు తెలిసిందన్నాడు. కోటు ఊసే మరిచిపోయాడు.

క్లబ్బు వాళ్ళకు ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇద్దరు ముగ్గురు ముక్కు చిట్లించారు. మిగతావాళ్ళు, ఆయన్ని ఓడించకుండా పంపేస్తే మన పరువు పోతుంది, ముందు రానివ్వండి అన్నారు. కోడళ్ళిద్దరూ మేస్త్రితో కలిసి కొలతలు తీసి, పెద్దాయనకు నల్లకోటు ఒకటి కుట్టించారు. అతిథుల పుస్తకం బదులు సభ్యుల పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు, వృత్తి అని ఉన్న గడిలో ఆయన 'ఇస్త్రీ' అని రాశాడు.

ఆ తర్వాతి వారం నుంచీ హెడ్మాస్టరుగారు రోజూ పొద్దున్న పదకొండింటికి షాపుకు రావడం మొదలుపెట్టాడు. చొక్కా చేతులు మడిచి, ఇస్త్రీబల్ల ముందు నిలబడి, దిండుగలీబులు ఇస్త్రీ చేస్తాడు. మణికట్టు కుదరాలంటే ఇదే దారని పెద్దాయన చెప్పాడట. మేస్త్రి పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూస్తాడు. మొదటిరోజు రెండు గలీబులు మాడాయి. పెద్దకోడలు ఏదో అనబోతే మేస్త్రి ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

"సారూ, మోచెయ్యి పైకి లేస్తోంది. మళ్ళీ మొదటినుంచి రానివ్వండి," అన్నాడు.

హెడ్మాస్టరుగారు మోచెయ్యి దించి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.